మజ్జిగ కుండ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఎండాకాలం సెలవులకి పిల్లలిద్దర్నీ మా దర్శి నుంచి చీరాల దగ్గర ఓడరేవు సముద్రతీరానికి తీసుకెళ్లాను. అబ్బాయి ఇంటర్, అమ్మాయి పదో తరగతి. హాస్టల్లో కూర్చుని కూర్చుని ఒళ్లు మొద్దుబారిపోయాయని పొద్దున్నే పరుగు, తర్వాత వాలీబాల్, ఆపైన ఈత అని పెద్ద పథకమే వేశాను. నాకు ఈత రాదు. మెడలో ఈల మాత్రం ఉంది.

తెల్లవారుతుండగా ఇసుకలోకి దిగాం. నిద్ర చాలని పిల్లలు తలలు వంచుకుని వెనక వస్తున్నారు. ముందు నేను, తిరుపతిలో చేయించుకొచ్చిన గుండుతో. పరుగయ్యాక దాహానికని మట్టి కుండలో మజ్జిగ పోయించి, మూతికి తెల్లగుడ్డ కట్టి, రెండు చేతులా పట్టుకున్నాను.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి లేచి, తలగుడ్డ తీసేశాడు.

"ఎవరు పోయారు బాబూ?" అన్నాడు మెల్లగా.

కుండ వంక చూసుకున్నాక గానీ నాకు అర్థం కాలేదు. అస్థికలు కలపడానికి వచ్చేవాళ్లూ ఇలాగే వస్తారు.

"ఎవరూ పోలేదండీ. పిల్లల చేత వ్యాయామం చేయిద్దామని..."

"మరి వాళ్ల మొహాలు అట్టా ఉన్నాయేంటి?"

"మా సెలవులు పోయాయి తాతా," అన్నాడు మావాడు.

పెద్దాయన నవ్వలేదు. "అయితే తలారా స్నానం చేసి పోండి," అన్నాడు.

పిల్లలు నీళ్లలోకి ఒకటే పరుగు. ఈల ఊదే పనే పడలేదు. నేను కుండతో ఒడ్డున నిలబడ్డాను. అటుగా వచ్చినవాళ్లు నన్ను చూసి, గొంతు తగ్గించి, పక్కగా వెళ్లారు.