ఒక్క చుక్క తక్కువైన గులాబీ చేప

కోరుట్ల కొమురెల్లి కళ్ళకు లోకంలో ప్రతి రంగూ ఒక్క చుక్క తక్కువే. ఏ రంగులో ఏ చుక్క తక్కువైందో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆకాశాన్ని చూసి కూడా "నీలం జర తక్కువ పడ్డది" అని పెదవి విరిచిన మనిషి. పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్ల మొహం వదిలేసి చీర అంచు వైపు పది నిమిషాలు చూసి, "గీ అంచుల ఒక్క చుక్క పసుపు కలిపితే మస్తుంటుండె" అన్నాడట. ఆ మాటను ఆయన భార్య బాలలక్ష్మి ఇరవై రెండేళ్ళుగా మర్చిపోలేదు, ఆయన్ను మర్చిపోనివ్వనూ లేదు.

బస్టాండు వెనక సందులో ఆయనకొక రేకుల షెడ్డు ఉంది. బండ్ల ట్యాంకులకు రంగు కొట్టడం, నంబరు ప్లేట్లు రాయడం బతుకుదెరువు. ప్రాణం మాత్రం చెక్కచేపల మీద. బొమ్మలు చేసే తేలికైన పునికి చెక్కను వేలెడంత చేపగా చెక్కుతాడు. కడుపు కింద మూడు ముళ్ళ గాలం తగిలిస్తాడు. చెరువులో వేసి లాగుతుంటే కొర్రమట్ట అది నిజం చేపనుకుని మింగాలి. మింగాలంటే రంగు కుదరాలి. రంగు కుదరాలంటే కొమురెల్లి ఒప్పుకోవాలి. అక్కడే చిక్కు. ఇంతా చేసి ఆయన ఏనాడూ గాలం పట్టలేదు, చేప ముక్క నోట పెట్టలేదు. చేపల కూర వాసన వస్తే సందు చివరికి పోయి నిలబడతాడు.

పొలుసులు వేసే పద్ధతి మాత్రం చూడాల్సిందే. చేప ఒంటికి సన్న వల గుడ్డ బిగుతుగా చుట్టి, పెన్నంత స్ప్రే గన్నుతో పైనుంచి రంగు చల్లుతాడు. గుడ్డ విప్పితే ఒక్కో కన్నంలోంచి ఒక్కో పొలుసు అచ్చుపడి ఉంటుంది. ఆ గుడ్డ కోసం సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే బావమరిది కుమార్ దగ్గరికి బండి మీద పోతాడు. కుమార్ ఇప్పటికి ఏడు రకాల గుడ్డ ఇచ్చాడు. "బావా, గీసారి కన్నం పెద్దగున్నదంటవా, చిన్నగున్నదంటవా? ముందే చెప్పు, నేను ఇంట్ల లేనని చెప్పిస్త" అని ఇప్పుడు ఫోనులోనే అడుగుతున్నాడు.

ఒకసారి రాజలక్ష్మి టీచరు స్కూటీ మీద గోరంత గీత పడింది. "రేపొద్దుగాల తీస్కపోండి మేడం" అన్నాడు కొమురెల్లి. టీచరు పదకొండు రోజులు ఆటోలో బడికి పోయింది. పన్నెండో రోజు వచ్చి చూస్తే బండి మొత్తం కొత్త రంగులో మెరుస్తోంది.

"గీత ఒక్కటే కదయ్యా నేను చెప్పింది?" అని లబోదిబోమంది టీచరు.

"గీత మీది రంగు మంచిగ కుదిరింది మేడం. తప్పు బండిల ఉన్నది. అందుకే బండిని సవరించిన."

తెలంగాణ ఉద్యమంలో సహాయ నిరాకరణ రోజుల్లో దీక్షా టెంటు నడిపే బాలరాజు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, రేపు ఆరుగంటలకు బంద్. పెద్ద బ్యానరు గావాలె. గులాబీ రంగు."

"ఏ గులాబీ?"

"గులాబీ అంటే గులాబే. ఇంకేంది?"

"గట్లెట్ల? నాటు గులాబా, కాయితం గులాబా? పొద్దుగాల పూసిందా, దండల వాడిందా?"

బంద్ జరిగింది. బ్రహ్మాండంగా జరిగింది. మూడు రోజుల తర్వాత బ్యానరు వచ్చింది. బాలరాజు నెత్తి పట్టుకుని, "నీ చుక్క కోసం ఉద్యమం ఆగుతదా అన్నా?" అన్నాడు. "అరువై ఏండ్లు ఆగినోళ్ళు ఒక్క చుక్కకు ఆగరా?" అన్నాడు కొమురెల్లి. మిగిలిపోయిన గులాబీ రంగుతో ఒక చెక్కచేప చేసి, పక్కింటి దుర్గయ్యకు ఇస్తానని మాటిచ్చాడు. ఇక్కడి నుంచి అసలు కథ.

దుర్గయ్య తాళ్ళెక్కడం మానేసి పదేళ్ళయింది. తాడిచెట్టు దిగిన కాళ్ళకు ఇప్పుడు కొమురెల్లి షెడ్డు ముందు బెంచీయే గతి. కొమురెల్లి ఆయన్ను మామా అంటాడు, ఆయన అల్లుడా అంటాడు. ఆ వరసన కొమురెల్లికి బామ్మర్ది అయ్యే ఆయన కొడుకు సుదర్శన్ ఆర్టీసీ కండక్టరు. పొద్దున ఐదుకు డ్యూటీకి పోతే మళ్ళీ ఎప్పుడో వచ్చేవాడు కాబట్టి తండ్రిని సరిగ్గా చూసే తీరిక లేకపోయింది. సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాక ఇంట్లో కూర్చుని చూశాడు. చూసి భయపడ్డాడు.

సందులో ఆపిన స్కూటరు మీద ఎవరో ఎర్రచీర ఆరేశారు. దుర్గయ్య దాని ముందు ఆగి, "ఏం వెంకటవ్వా, బాగున్నవా? పిల్లలు బాగున్నరా?" అని పలకరించాడు. స్కూటరు జవాబు చెప్పలేదు. దుర్గయ్య ఇంటికొచ్చి, "వెంకటవ్వకు గీ మద్దెల బాగ నీలుగుడు ఎక్కువైందిరా" అన్నాడు.

జగిత్యాలలో డాక్టరు చూసి రెండు కళ్ళలోనూ పొర ముదిరిందన్నాడు. దసరా దాటనివ్వొద్దని, ఆలస్యం చేస్తే చూపు దక్కడమే కష్టమని గట్టిగా చెప్పాడు. దుర్గయ్య వినలేదు. అసలు కనబడటం లేదని ఒప్పుకోలేదు. పైగా టెంటులో అందరి ముందు లేచి, "తెలంగాణ అచ్చేదాక నా కండ్ల మీద కత్తి పడనియ్య!" అని ఒట్టు పెట్టాడు. ఒకరు గడ్డం తియ్యనని, ఒకరు చెప్పులు తొడగనని ఒట్లు పెడుతున్న రోజులవి. జనం చప్పట్లు కొట్టారు. సుదర్శన్‌కు చెమటలు పట్టాయి.

అప్పుడొక ఉపాయం తోచింది. నాయనను చెరువు కట్ట మీద కూర్చోబెట్టి చేతికి గాలం ఇస్తే, దారం కనబడదు, చేప కనబడదు. తనకు చూపు లేదని తనకే తెలుస్తుంది. అందుకు కావలసింది కొమురెల్లి ఇస్తానన్న ఆ గులాబీ చేప ఒక్కటే. అది తప్ప వేరేది ముట్టనని ముసలాయన పట్టు.

"బావా, నాయన చేప ఇయ్యి. దసరాకు ఇంకా పన్నెండు దినాలే ఉన్నయి."

"ఇస్త బామ్మర్దీ. ఒక్క చుక్క తక్కువున్నది."

"ఫిబ్రవరి సంది గిదే మాట!"

"జర గాలి కొట్టరాదూ, ఇయ్యాల్నే అయిపోతది."

కరెంటు కోతలతో కంప్రెసరు మూలన పడింది. కొమురెల్లి ఒక లారీ ట్యూబు తెచ్చి, దానికి స్ప్రే గన్ను గొట్టం బిగించాడు. ట్యూబులో కాలిపంపుతో గాలి నింపాలి. సమ్మెలో ఉన్న కండక్టరు కంటే ఖాళీ మనిషి ఎవరు దొరుకుతారు? సుదర్శన్ తొక్కాడు. ట్యూబు నిండగానే అలవాటుకొద్దీ "రైట్ రైట్!" అని అరిచాడు. కొమురెల్లి చేపను తాడుకు వేలాడదీసి స్స్‌మని చల్లాడు. బెంచీ మీది దుర్గయ్య ముందు పట్టుకున్నాడు.

"మామా, ఏం రంగు?"

దుర్గయ్య తల అటు తిప్పి, ఇటు తిప్పి, దగ్గాడు. "గదే... మట్టిరంగు. మంచిగున్నది."

"అరెరె! గులాబీ కొడితె మట్టి పడ్డదా? తప్పు నాదే మామా. ఒక్క చుక్క తక్కువైంది."

నాలుగు రోజులు ఇదే తంతు. ఐదో రోజు సుదర్శన్‌కు కాళ్ళు పీకి, కోపం నెత్తికెక్కింది. దుర్గయ్య చాయ్ తాగడానికి ఇంట్లోకి పోగానే గన్ను లాక్కుని చూశాడు. రంగు పోసే గిన్నె ఖాళీ. రంగు డబ్బా మూత మీద వేలెడు దుమ్ము.

"గంట సేపు నాతోని గాలి కొట్టిచ్చింది గాలి చల్లెతందుకా? మనిషివా నువ్వు?"

"మెల్లగ మాట్లాడు బామ్మర్దీ."

"ఎందుకు మెల్లగ? రంగేది? గా తక్కువైన చుక్కేది?"

కొమురెల్లి బిత్తర చూపులు చూశాడు. ఇక తప్పదని మెల్లగా అన్నాడు. "ఏం తక్కువలే. ఫిబ్రవరిల కొట్టిన రంగే అది. నా జన్మల ఒక్క చుక్క తక్కువ లేకుంట కుదిరిన రంగు గదొక్కటే. ఎవలికన్న చెప్పుకుందమంటె గూడ లేకపాయె."

గోడ మీది క్యాలెండరు దించి వెనక్కి తిప్పాడు. అడిగినప్పుడల్లా దుర్గయ్య చెప్పిన రంగు పెన్సిలుతో నెలవారీగా రాసి ఉంది. ఫిబ్రవరి: వాడిన గులాబీ. ఏప్రిల్: ఎండిన గులాబీ. జూన్: కాషాయం. ఆగస్టు: ఇటుక. సెప్టెంబరు: మట్టి. ఒకే చేప, ఒకే రంగు.

సుదర్శన్ ఆ నెలలన్నీ వేలితో లెక్కపెట్టాడు. ఇంట్లో ఉన్న కొడుక్కి తెలియని సంగతి పక్కింటి రంగుల పిచ్చివాడికి ఏడు నెలలుగా తెలుసు. సిగ్గేసింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు కట్ట మీద కూసోబెడుతనంటివి. ఆడ పదిమందిల చేతులాడక కూసుంటె మామ పరువేం గాను? తాళ్ళ మీదికెల్లి ఊరంత చూసిన మనిషాయె. గీడైతె తప్పు నా రంగు మీదికి పోతది. నన్ను అననోడెవడున్నడు? నెమ్మదిగ తన కండ్ల సంగతి ఆయనే అడుగుతడని చూస్తున్న."

"ఏమడగాల్నురా?" అని గుమ్మంలోంచి గొంతు వినిపించింది. దుర్గయ్య చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. "పొర కండ్లకచ్చింది, చెవులకు గాదు."

ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. దుర్గయ్య తడుముకుంటూ వచ్చి చేపను అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిది గులాబేనారా?"

"గులాబే మామా."

"నాకు మట్టే కనబడుతున్నది." మొదటిసారి ఆ మాట అన్నాడు.

కొమురెల్లి పక్కన కూర్చున్నాడు. "మామా, రేపు తెలంగాణ అచ్చిననాడు ఊరంత గులాల్ చల్లుకుంటరు. అందరు గులాబీల తడిసి ఎగురుతుంటె, నీకొక్కనికి అందరు బురదల పొర్లినట్టు కొడుతరు. గంత కొట్లాడి బురద చూస్తవా?"

దుర్గయ్య ఆలోచనలో పడ్డాడు. "మరి ఒట్టు? పదిమందిల పెడితిని గద."

ఒట్టు సంగతి దారిలో చూసుకోవచ్చని సుదర్శన్ ఆటో మాట్లాడాడు. మర్నాడు ముగ్గురూ జగిత్యాల బయలుదేరారు. దారిలో రాస్తారోకో. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. కూర గరిటెతో ఎదురొచ్చినవాడు బాలరాజు.

"ఏం పెద్దనాయనా, యాడికి?"

"కంటి ఆపరేషన్‌కు," అన్నాడు సుదర్శన్ తల వంచుకుని.

బాలరాజు గరిటె గాలిలోనే ఆగిపోయింది. చుట్టూ నలుగురు చేరారు. "మరి ఒట్టు పెడితివి గద పెద్దనాయనా?"

దుర్గయ్య ఆటోలోంచి మొహం బయటపెట్టి ఛాతీ విరిచాడు. "ఒట్టు తప్పుడు దుర్గయ్య ఇంట్ల లేదు! డాక్టరు ఒక్కపారి ఒక్క కన్నే కోస్తడు. ఆ కన్ను నాది. రెండో కన్ను తెలంగాణది. దాని మీద ఒట్టు అట్లనే ఉన్నది!"

జనం ఈలలు వేశారు. బాలరాజే అడ్డం పెట్టిన బండరాళ్ళు జరిపించి, ఆకులో ఇంత అన్నం కూర కట్టిచ్చి పంపాడు.

ఆ సాయంత్రమే ఒక కన్నుకు ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున నర్సు కట్టు విప్పింది. దుర్గయ్య కన్ను మెల్లగా తెరిచాడు. కిటికీ చూశాడు, కొడుకును చూశాడు, "ఇంత బక్కగైనవేందిరా?" అన్నాడు. కొమురెల్లి జేబులోంచి సిరిసిల్ల వల గుడ్డలో చుట్టిన చేపను తీసి చేతిలో పెట్టి, పరీక్ష ఫలితాలకు వచ్చిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

దుర్గయ్య దాన్ని వెలుతురులో తిప్పాడు. పొలుసు మీద పొలుసు మెరిసింది. పొట్ట దగ్గర తెలుపు, వీపు మీదికి పోయేసరికి తెల్లారి పూసిన గులాబీ. కన్ను చెమర్చింది. ఏదో అనబోయి ఆగాడు. కొమురెల్లి మొహం చూశాడు.

"మంచిగనే ఉన్నది అల్లుడా. గని..."

"ఏంది మామా?"

"ఒక్క చుక్క తక్కువైనట్టున్నది."

కొమురెల్లి మొదట అదిరిపడ్డాడు. తర్వాత ఆ మొహం వెలిగిన వెలుగు అంతా ఇంతా కాదు. నలభై ఎనిమిదేళ్ళ బతుకులో ఆ చుక్క కనబడిన రెండో మనిషి దొరికాడు. "నాకు గూడ లోపట అనుమానమే ఉండె మామా! మొప్ప కాడనా? ఎరుపా, తెలుపా?" అంటూ చేపను లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా సరిచేస్తానని అరుస్తూ, ఆటో వాడిని తొందరపెట్టడానికి ముందు పరుగెత్తాడు.

సుదర్శన్ తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ అడిగాడు. "నిజంగ తక్కువైందా నాయనా?"

"ఏం తక్కువలే. గసొంటి రంగు నా జన్మల చూడలే."

"మరి గట్లెందుకన్నవ్?"

"సరిపోయిందంటె చేప నా చేతుల పెడుతడు. రేపటి సంది వాడేం జెయ్యాలె? ఆ బెంచి మీద నాకేం పని?" అన్నాడు దుర్గయ్య. తర్వాత మెట్ల కింద ఆగి ఉన్న స్కూటరు వైపు ఓసారి జాగ్రత్తగా చూసి, పలకరించకుండా ముందుకు నడిచాడు.

మర్నాడు పొద్దున సందులో వాళ్ళకు మళ్ళీ "రైట్ రైట్!" వినిపించింది. ఈసారి గిన్నెలో రంగు ఉంది.