ఎరుపు లేని మెషిన్

ఫ్లెక్సీ మెషిన్‌లో ఉండేవి నాలుగే రంగులు. అందులో ఎరుపు లేదు. గులాబీలా ఉండే మెజెంటా, దానికి తోడు యెల్లో, ఈ రెండూ సరిగ్గా కాపురం చేస్తేనే ఎరుపు పుడుతుంది. ఎవరు పెత్తనం చేసినా బిడ్డ రంగు మారుతుంది. పదో తరగతి గడప తొక్కని నాకు నల్గొండలోని మా షాపు నేర్పిన సైన్సు ఇంతే. రాష్ట్రం వచ్చిన కొత్తలో గులాబీ ఫ్లెక్సీలు కొట్టీ కొట్టీ మెజెంటా మాట వినేది. ఎరుపే మొండికేసేది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున పోచంపల్లి నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన నూలుకు రంగులు వేస్తాడు, ఆమె నేస్తుంది. మర్నాడు మా ఊళ్లో చీరల దుకాణం తెరుస్తున్నారు. ఆయన చాయ్ తాగడానికి వెళ్లగానే ఆమె సంచిలోంచి ఎర్రబట్ట మడత తీసి నా ముందు పెట్టింది.

“తమ్మీ, బోర్డు మొత్తం గీ ఎరుపే ఉండాలె. మడత మాత్రం విప్పకు, రేపు దేవుని దగ్గర వెట్టేది.”

“ఎరుపంటే ఎరుపే గదక్కా, గింత పట్టింపెందుకు?”

“మా ఆయన ఎరుపును చూసే మమ్ముల గుర్తువడ్తరు. బజార్ల అన్ని ప్రింటు చీరలే. బోర్డు రంగు తేడా వస్తే మావి గూడ గసొంటియే అనుకుంటరు.”

“అంటే ప్రింటు కాదని చెప్పనీకి ప్రింటు కొట్టాలె.”

“నీ నోరు వనిజేసినట్టు మెషిన్ వనిజేస్తే చాలు,” అంది.

చిన్న చిన్న ముక్కలు కొట్టి, ఎండలోకి తీసుకెళ్లి మడత పక్కన పెట్టి చూశాను. యెల్లో పెంచగా పెంచగా ఒకటి అచ్చంగా కలిసింది. ధైర్యంగా బోర్డు మొత్తం కొట్టేశాను.

“గిది ఎరుపా? ఇటుక లెక్కున్నది,” అందామె.

“పక్కన వెట్టి చూడక్కా, గదే రంగు.”

పెట్టి చూసింది. కలిసింది. అయినా తల అడ్డంగా ఊపింది.

“రోజూ మా పొయ్యి మీద ఉడికే రంగు నాకు తెల్వదా?”

ఇంతలో ఆయన వచ్చి రెండింటినీ చూశాడు. మడత విప్పాడు. లోపల దానిమ్మ గింజల్లాంటి చిక్కటి ఎరుపు. పైకి కనబడే అంచు ఒక్కటే వేరుగా ఉంది. కొత్త బట్ట కదా, దానికి పసుపు రాసి ఉంది.

“పొద్దుగాల నువ్వే గదనే రాసినవ్?”

“దేవునికి పెట్టే బట్ట ఉత్తగెట్ల తెస్తం?” అంటూనే ఆమె నాలుక కరుచుకుంది.

“పోనీయక్కా,” అన్నాను, “నీ పుణ్యాన మా ఫ్లెక్సీకి గూడ శుభకార్యమైంది.”

కోపం తెచ్చుకోబోయి నవ్వేసింది. ఆ ఫ్లెక్సీ తర్వాత మా షాపు ముందు నీడకు పనికొచ్చింది.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ముక్కల్ని బట్ట నడుమ పెట్టి చూశాం. పులుసులో ఉప్పు చెప్పినట్టు ఆయన “ఇంక జర చిక్కగ” అంటుంటే యెల్లో తగ్గించి, నలుపు కాస్త కలిపాను. చివరికి ఆయన ఆగి, “నువ్వు చెప్పు,” అన్నాడు భార్యతో. ఆమె రోడ్డు దాటి, అటువైపు నిలబడి చూసింది.

“కొట్టెయ్యి!” అని అక్కడి నుంచే అరిచింది.

మర్నాడు ఆ దుకాణం వైపు వెళ్లాను. కూరగాయల సంచితో పోతున్న ఒక పెద్దమ్మ బోర్డు చూసి ఆగింది. గుమ్మంలో వేలాడుతున్న ఎర్ర చీరను చూసింది. మళ్లీ బోర్డును చూసింది. సంచి చేయి మార్చుకుని, చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.