పెళ్లి డిస్కులో నా బండి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను బాగా ఏడిపించేవాణ్ణి. వీడియోలు తీసి బతికేవాణ్ణి కదా, తెర మీద వింతగా ఏది కనబడినా వెలుతురు తేడా అనో, వైరు వదులైందనో తేల్చేసేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

గనులు జోరుగా నడుస్తున్న రోజుల్లో గీదంలో నాకు చిన్న స్టూడియో ఉండేది. ఖనిజం లారీలు లేపే ఎర్రదుమ్ముకి డిస్కులు ఇట్టే పాడయ్యేవి. అందుకని పెళ్లి డిస్కు రాసేటప్పుడు, మిగిలిన ఖాళీలో తప్పులు దిద్దే అదనపు సమాచారం కూడా నింపేవాణ్ణి. తర్వాత డిస్కు దెబ్బతిన్నా సాఫ్ట్‌వేర్ దాని సాయంతో పోయిన ముక్కల్ని లెక్కగట్టి తెస్తుంది. మొదట రాసిందే తెస్తుంది, లేదంటే చేతకాదని చెబుతుంది. సొంతంగా ఏదీ కల్పించదు.

ఒకరోజు పొద్దున్నే ముత్తక్క వచ్చింది. సుక్మా దక్షిణాన తెలుగు మాట్లాడే రైతు కుటుంబం వాళ్లది. ఆమె కూతురు సమ్మక్క పెళ్లి వీడియో నేనే తీశాను. ఆ అమ్మాయి జ్వరంతో పోయిందట. ఆ ఊళ్లో పోయినవాళ్లకు రాయి నిలబెట్టి, వాళ్ల వస్తువులు దానికి కడతారు. పెళ్లి డిస్కు కూడా సమ్మక్కదే కదా అని దాన్నీ కట్టేశారు. ఎండకీ వానకీ సగం వెలిసిపోయింది.

"మొఖం యాదికున్నది తమ్మీ. గొంతే మర్చిపోతున్న," అంది ముత్తక్క. "ఒక్కపారి ఇనిపియ్యి."

డిస్కు చదవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆమె బెంచీ మీద నుంచి కదల్లేదు. చివరికి అంతా దొరికిందని, మొదట రాసినదానికీ దీనికీ తేడా లేదని తెర మీద వచ్చింది. నాకు గర్వంగా అనిపించింది.

వీడియోలో పెళ్లికూతురు వాళ్ల ఊరి మద్దిచెట్టు కింద నిలబడే ఘట్టం నాకు కంఠతా వచ్చు. పెళ్లినాడు నేను తెలివితక్కువగా నా ఎర్ర బండిని ఆ చెట్టు కిందే ఆపాను, వీడియోలో అది సరిగ్గా ఆమె వెనకే కనబడింది. "సార్ బండికి కూడా పెళ్లేనా?" అని ఆడపెళ్లివారు ఆటపట్టించారు. ఎడిటింగ్‌లో ఆ బండిని చూసి నన్ను నేనే తిట్టుకున్నాను.

వీడియో నడిపిస్తుంటే ఆ ఘట్టం వచ్చింది. బండి లేదు. అది ఉండాల్సిన చోట రెండు రాళ్లు నిలబడి ఉన్నాయి. రెండింటికీ గుండ్రంగా ఏదో వేలాడుతూ మెరుస్తోంది. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. రాళ్లే.

సమ్మక్క కెమెరా పక్కకు చూసి, ఆనాడు అన్న మాటే అంది. "అమ్మా, నా పక్కకొచ్చి నిలబడవే."

"వస్తున్న బిడ్డా," అంది ముత్తక్క.

తర్వాత తెర మీద వేలు పెట్టి నాకు చూపించింది. "గిది దాని రాయి, ఆ చెట్టు కిందనే నిలబెట్టినం. పక్కది ఇంకా నిలబెట్టలే."

ఆమె గొంతులో వణుకు లేదు. అసలు టేపు చూద్దామంటే దాని మీద ఎప్పుడో వేరే పెళ్లి తీసేశాను. అయినా ఆమె వచ్చింది ఆ గొంతు కోసం, ఇవ్వనని ఎలా చెప్పను? కొత్త డిస్కు రాసి, పైన సమ్మక్క పేరు నా చేత్తో వేసి ఇచ్చాను. పాతది మళ్లీ కూతురి రాయికి కడతానని పట్టుకెళ్లింది. బస్సెక్కేటప్పుడు ఆమె ముఖం తేటగా ఉంది.

పంట కోతలయ్యాక ముత్తక్క వాళ్ల ఊరి పక్క ఊళ్లో పెళ్లికి వెళ్తూ మద్దిచెట్టు దగ్గర ఆగాను. రెండు రాళ్లున్నాయి. ముత్తక్క వానల్లోనే పోయిందని చెప్పారు. ఒక రాయికి వెలిసిన డిస్కు కట్టి ఉంది. రెండో రాయికి కట్టినదాని మీద నా చేతిరాత ఉంది.

నేను తెర మీద ఆ రెండు డిస్కులూ చూసేటప్పటికి, రెండోది ఇంకా రాయనేలేదు.

సాఫ్ట్‌వేర్ కల్పించదు. మరి ఆ రాళ్లు ఎక్కడివి, నా బండి ఏమైంది, నాకు తెలియదు. ఆ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. తుడిచేద్దామంటే భయం, తెరుద్దామంటే అంతకన్నా భయం. ఇప్పుడు అక్కడ ఎన్ని రాళ్లు కనబడతాయోనని.