సావిత్రమ్మ టీచరు కారు, నేను దించిన గేరుబాక్సు

మా షెడ్డుకు వచ్చిన ప్రతివాడూ ఈ కథ చెప్పమంటాడు. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది గానీ, వినేవాళ్లకు నవ్వు తగ్గలేదు. ఇవాళ మీకూ చెప్పేస్తాను, ఇక అడగకండి. బళ్లారిలో ఏ మెకానిక్కూ ఇంత అప్రతిష్ఠ మూటగట్టుకుని ఉండడు. నేను కట్టుకున్నాను. అదీ ఊరికే కాదు, మూడు రోజులు నడుం విరగ్గొట్టుకుని.

ఐదారేళ్ల కిందటి మాట. లారీల గేరుబాక్సులు విప్పీ విప్పీ అరిగిపోయిన చేతులు నావి. చప్పుడు వింటే చాలు, లోపల ఏ చక్రానికి పన్ను పోయిందో చెప్పేవాణ్ణి, వీధంతా వినపడేలా. ఆటోమేటిక్ గేరుబాక్సును మాత్రం ఒక్కసారి కూడా విప్పలేదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు కదా అని ధైర్యం.

ఒక శుక్రవారం పొద్దున సత్యనారాయణపేట నుంచి సావిత్రమ్మ టీచరు ఫోన్ చేశారు. ఐదో తరగతిలో నాకు లెక్కలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేక, అసలు క్లచ్చే లేని ఆటోమేటిక్ కారు కొనుక్కున్నారు. వారం వారం ఒక్కరే నడుపుకుంటూ దగ్గర్లోని మోక ఊళ్లో ఉన్న అక్కను చూసి వస్తారు.

"ఎర్రిస్వామీ, కారు స్టార్టయితాది. గేరు మాత్రం పార్కులోనించి కదల్దు. వచ్చి స్వల్ప చూడప్పా."

వెళ్లాను. ఇంజను చక్కగా మోగింది. బ్రేకు తొక్కి, బండిని నిలిపి ఉంచే 'పార్కు' గుర్తు దగ్గరున్న గేరు లివరు పట్టుకుని లాగాను. గోడకు కొట్టిన మేకులా ఉంది. కళ్లు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా తల పంకించాను.

"లోపల గేర్లు జామైనాయి మేడమ్. గేరుబాక్సు పోయినాది."

"అట్లనా? మొన్న వెనకాల స్కూటరాయన, నీ బ్రేకు లైటు వెలగడం లేదమ్మా అన్యాడు. దానికీ దీనికీ ఏమన్నా..."

"అది వేరే, ఇది వేరే మేడమ్. లైటు తర్వాత చూద్దాం."

ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. కాని ఈ వయసులో ఆ ఓపిక కూడా లేదు.

టీచరు కొడుకు ప్రసాదు హొసపేటలో లారీలు నడుపుతాడు. తల్లి ఒంటరిగా కారు తీయడం అతనికి మొదటి నుంచీ ఇష్టం లేదు. సంగతి తెలియగానే నాకు ఫోన్ చేశాడు.

"గేరుబాక్సు పోయిందంటే ఇంకేముందన్నా, అమ్మేద్దాం. ఒకాయన తీసుకుంటానంటాండాడు. ఆదివారం పంపిస్తా."

ఫోన్ పెట్టేసి, అతనన్న మాట టీచరుకు చెప్పాను. ఆవిడ మెల్లగా అన్నారు: "ఇది పోతే నేను ఎవురన్నా వచ్చి తీస్కపోతారేమోనని గేటు కాడ కూర్చోవల్లప్పా. బాగుచేస్తావా?"

"చేస్తాను మేడమ్. ఆదివారం లోపల."

కదలని కారును షెడ్డుకు తెచ్చేదెలా? అందుకే వాళ్ల ముంగిట్లోనే పని మొదలుపెట్టాను. ముందు కింద బోల్టు తీసి ఆయిల్ వదిలాను. దానిమ్మ రసంలా ఎర్రగా, శుభ్రంగా వచ్చింది. లోపల చెడిపోతే ఆయిల్ నల్లబడాలి, మాడు వాసన రావాలి. రెండూ లేవు. బుద్ధున్నవాడు అక్కడే ఆగిపోయేవాడు. నేను మాత్రం, జబ్బు బాగా లోతుగా ఉందన్నమాట అనుకున్నాను.

షెడ్డు నుంచి ఇద్దరు మనుషుల్ని పిలిపించి, జాకీలు పెట్టి గేరుబాక్సు దించాను. వీధి వీధంతా కాంపౌండు గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"ఏందప్పా అది, ఇంత ఉండాది?"

"ఇదే కారుకు గుండెకాయ," అన్నాను.

"గుండెకాయ తీసినావు సరే, మళ్ల పెట్టేది వస్తాదా?"

నవ్వాను. లోపల మాత్రం నవ్వు లేదు. దాన్ని విప్పి చూస్తే, చీమలపుట్టను నిలువునా కోసినట్టు ఎటు చూసినా సన్నటి దారులు. ఎక్కడా ఒక్క పన్ను అరగలేదు, ఒక్క ముక్క విరగలేదు. ఏం చెయ్యాలో తోచక అన్నీ తుడిచాను. తుడిచినవే మళ్లీ తుడిచాను. టీచరు పూటపూటకూ కాఫీ పంపించారు. ఆ కాఫీ తాగడానికి కూడా సిగ్గేసింది.

ఆదివారం మధ్యాహ్నానికి అంతా బిగించి, కొత్త ఆయిల్ పోసి, వైర్లు కలపడానికి ఎలక్ట్రీషియన్ రఫీని పిలిచాను. అతను కలిపాడు. ఇంజను స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి, దేవుణ్ణి తలచుకుని లివరు లాగాను.

కదల్లేదు.

అదే సమయానికి గేటు తీసుకుని కారు కొనే ఆయన లోపలికి వచ్చాడు. టీచరు కుర్చీలోంచి లేవలేదు.

కారు వెనకాల నిలబడ్డ రఫీ అరిచాడు: "ఉస్తాద్, బ్రేకు తొక్కు."

"తొక్కినా."

"అరే, గట్టిగా తొక్కు భాయ్!"

"తొక్కినానప్పా! ఇంకా తొక్కితే కాలు రోడ్డు మీద పడతాది!"

"లైటు ఏది మరి?"

రఫీ వచ్చి నన్ను పక్కకు జరిపి, పెడలు కింద తల దూర్చాడు. వేలంత ప్లాస్టిక్ స్విచ్చి ఒకటి ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది చచ్చింది ఉస్తాద్. బ్రేకు తొక్కినట్టు దీనికి తెలిస్తేనే లైటు వెలగతాది, పార్కులోనించి గేరు వదలతాది. బండి దానంతటది ఉరక్కుండా ఆ ఏర్పాటు."

బజారుకు పోయి కొత్తది తెచ్చి బిగించాడు. బిగించడానికి పట్టింది పది నిమిషాలు. బ్రేకు తొక్కాను. వెనక లైటు వెలిగింది. లివరు వెన్నలో కత్తిలా జారింది. గోడ మీది మోచేతులన్నీ ఒక్కసారి చప్పట్లు కొట్టాయి, రఫీకి.

కొనే ఆయన గొంతు సవరించుకుని, "అయితే రేటు..." అన్నాడు.

"అమ్మేది లేదప్పా. కాఫీ తాగి పో," అన్నారు టీచరు. తరువాత నా వైపు తిరిగారు. "మూడు దినాలు ఏం బాగుచేసినావు ఎర్రిస్వామీ?"

"లోపల... శుభ్రం చేసినాను మేడమ్."

ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్లి రెండు వందల పేజీల నోటుబుక్కు, పెన్ను తెచ్చి ఇచ్చారు. "నూరుసార్లు రాయి. గుండ్రంగా రాయి."

తల నెరిసిన మెకానిక్కును, గ్రీజు చేతులతో అరుగు మీద కూర్చుని రాశాను. రఫీ పక్కన కూర్చుని కాఫీ తాగుతూ లెక్కపెట్టాడు. టీచరు కారు తీసుకుని మోక దాకా వెళ్లి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం దిద్దారు.

"తొంభైయారే ఉండాయి."

వేళ్లు వంగడం లేదని బతిమాలితే, ఆ రోజుకు వదిలేశారు. ఆ నాలుగూ ఇప్పటికీ బాకీ. అందుకే సమస్త వాహనాల సాక్షిగా, నడుం నొప్పి సాక్షిగా, ఇక్కడ తీర్చేస్తున్నాను:

గేరు కదలకపోతే ముందు బ్రేకు లైటు చూస్తాను.

గేరు కదలకపోతే ముందు బ్రేకు లైటు చూస్తాను.

గేరు కదలకపోతే ముందు బ్రేకు లైటు చూస్తాను.

గేరు కదలకపోతే ముందు రఫీని పిలుస్తాను.