నెత్తురిచ్చినవాళ్ళకు కబురు చెప్పిన మేడమ్

మా మేడమ్ పోయారన్న సంగతి ఇన్‌స్టిట్యూట్ వాట్సాప్ గ్రూపులో చూశాను. వరసగా నమస్కారం గుర్తులు. వాటి కిందే, మధ్యాహ్నం సెమినారు గది మారిందని ఇంకో మెసేజ్. మారతహళ్ళి బస్టాపులో నా చుట్టూ బోలెడంత జనం. ఎవరికైనా చెప్పాలనిపించింది గానీ, ఆవిడెవరో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

నా పీహెచ్‌డీకి ఆవిడే గైడు. ఈ కన్నడ నగరంలోనే, బళేపేటలో పుట్టి పెరిగిన తెలుగావిడ. విద్యార్థులందరినీ ‘అప్పా’ అనే పిలిచేవారు. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వచ్చే రక్తపు జబ్బు తలసీమియా మీద మా పరిశోధన. హూడి దగ్గర అపార్ట్‌మెంట్లు కడుతున్నచోట, రేకుల షెడ్లలో ఉండే అనంతపురం ఆడవాళ్ళ నుంచి రక్తం తీసుకున్నాం. పేపరు అచ్చయిన రోజు ల్యాబులో కేకు కోశాం.

తరవాత ఇంకో పరిశోధన కోసం అక్కడికే వెళితే, నిండు గర్భిణి ఒకామె చెయ్యి చాపలేదు.

“పోయినసారి మా నెత్తురు తీస్కపోతిరి గదమ్మా. దాంట్లో ఏముండాదో ఎవురూ చెప్పకపోతిరి,” అంది.

మేడమ్ ఆ రోజు ఎవరి దగ్గరా రక్తం తీసుకోనివ్వలేదు. తిరిగొచ్చి పాత ఫలితాలు తీయించారు. ఆమె రక్తంలో తలసీమియా లక్షణం ఉంది. దానివల్ల ఆమెకు ఏమీ కాదు గానీ, భర్తలో కూడా ఉంటే బిడ్డకు జబ్బుగా రావచ్చు.

“ఏడాదిగా ఆ సంగతి మన ఫ్రిజ్‌లో ఉండాదప్పా. ఆమెకు మాత్రమే తెలీదు,” అన్నారు.

ఫలితాలు చెప్పడానికి పైవాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. మనది ఆసుపత్రి కాదు, చెప్పాక వైద్యం ఎవరు చేయిస్తారని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం కూడా మన పనేనని మేడమ్ వాదించారు. అనుమతి వచ్చేసరికి బిడ్డ పుట్టేసింది. పరీక్ష చేస్తే భర్తలోనూ ఆ లక్షణం ఉంది. ఆడపిల్ల. నెలల వయసులోనే రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ప్రభుత్వాసుపత్రికి ఆ తల్లి వెంట మేడమే వెళ్ళేవారు.

ఆ పైన, అందరికీ ఫలితాలు చెప్పేదాకా కొత్త నమూనాలు తీయనని పట్టుబట్టారు. పేపర్లు తగ్గాయి, విద్యార్థులు వేరే ల్యాబులు చూసుకున్నారు. క్యాంటీన్‌లో ఆవిడ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు కరువయ్యారు. ఆవిడ పెరుగన్నం తిని నెమ్మదిగా లేచి వెళ్ళేవారు.

రక్తమిచ్చినవాళ్ళకు ఫలితం చెప్పి తీరాలని ఇన్‌స్టిట్యూట్ నియమం పెట్టింది, కాకపోతే ఆవిడ రిటైరయ్యాక. ఆ మీటింగుకు ఆవిణ్ణి పిలవలేదు. అప్పటికి అక్కడే పనిచేస్తున్న నేనే ఫోన్ చేసి చెప్పాను. “ఏ బాషలో చెప్తారంట?” అని మాత్రం అడిగారు. మేమెవరమూ ఆలోచించని మాట అది. ఇప్పుడు తెలుగులో, కన్నడలో కూడా చెబుతున్నాం.

దహనానికి వచ్చింది ఆవిడ చెల్లెలూ నేనూ, పాత విద్యార్థులు ఇద్దరూ.

మొన్న ఆదివారం కొత్త ఫలితాలు తీసుకుని వర్తూరు వైపు ఒక సైటుకు వెళ్ళాను. భవనం పూర్తయింది, అద్దాలు బిగించేశారు. షెడ్లు లేవు. రక్తమిచ్చిన కూలీల ఫోన్ నంబర్లు చాలావరకు పనిచేయడం లేదు. వాళ్ళు ఎటు వెళ్ళారని గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే, “అటెక్కడో” అని తూర్పుకు చెయ్యి చూపించాడు. అటు, దుమ్ములో, ఇంకా లేస్తున్న గోడల మీద క్రేన్లు మెల్లగా తిరుగుతున్నాయి.