పేరుకి లేదన్నారు, నంబరుకి పలికింది

2003వ సంవత్సరం. ఒరిస్సాలోని రాయగడలో మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లే దారిలో నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఎస్టీడీ ఫోను. అంతకుముందు 1968 నుంచి 1999 వరకు, ముప్పై ఒక్క ఏళ్లు, కోరాపుట్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంక్ ఆపరేటరుగా పనిచేశాను. నేరుగా నంబరు తిప్పితే దూరపు ఊళ్లు పలకని రోజుల్లో, అడిగినవారికి లైను కలిపి ఇచ్చేది మేమే.

ప్రతి ట్రంక్ కాల్‌కూ మేమొక టికెట్ రాయాలి. ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కలిపాం, కలపలేకపోతే ఎందుకు. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే సూపర్‌వైజరు ఇంటికి వెళ్లనిచ్చేది కాదు. సెంటర్ పెట్టాక కూడా నాకు ఆ అలవాటు పోలేదు. ఎవరు ఏం చూశారో రాయను, అది నా పని కాదు. ఏ సైటైనా తెరుచుకోకపోతే మాత్రం దాని పేరు, తేదీ, టైము, ఎన్నో కంప్యూటరో రిజిస్టర్లో రాసేదాన్ని. స్టేషన్ దగ్గర సెంటర్ నడిపే అప్పన్న అది చూసినప్పుడల్లా, "మామ్మగారు ఇంటర్నెట్‌కి జాతకం రాస్తన్నారు" అని నవ్వేవాడు.

జూన్ 17, మంగళవారం, మధ్యాహ్నం 3.20కి పార్వతి వచ్చింది. కల్యాణసింగ్‌పూర్‌లో కిరాణా కొట్టు నడిపే వాళ్ల అమ్మాయి, నర్సింగ్ పూర్తి చేసింది. వానలో బస్సు దిగి వచ్చిందేమో, చున్నీ నుంచి నీళ్లు కారుతున్నాయి. మూడో కంప్యూటరు దగ్గర పది నిమిషాలు కూర్చుని, ఏడుపు మొహంతో లేచింది.

"మామ్మా, నా మెయిల్ తెరుసుకోట్లేదు. శుక్రవారం వచ్చేను, అప్పుడూ ఇంతే."

"దానికి ఏడుపేటమ్మీ? రేపు సూసుకో."

"రేపుటికి ఏటుంటాది మామ్మా? ఇశాపట్నం ఆసుపత్రిలో ఉద్యోగానికి రాసేను. సెలక్టయినోళ్లకి మెయిల్ ఇస్తారంట. పదిహేడో తారీకు ఐదు గంటల్లోపల వస్తామని జవాబు పంపకపోతే ఆ ఉద్యోగం ఇంకోళ్లకి ఇచ్చేస్తారంట. పేపర్లో ఏసేరు."

"ఫోన్ నంబరు లేదేటి?"

"మెయిల్ ఒకటే ఏసేరు."

గడియారం చూశాను. 3.34. గంటా ఇరవై ఆరు నిమిషాలు ఉంది.

ఆమె మెయిల్ విశాఖ వాళ్లెవరో నడిపే ఒక చిన్న ఉచిత సైటులో ఉంది. మా ప్రాంతం పిల్లలు చాలామంది అదే వాడేవారు. అప్పటికి ఊళ్లో సెంటర్లన్నిటికీ ఒకే ప్రైవేటు కంపెనీ కేబుల్ కనెక్షను. కనెక్షను ఇచ్చేవాళ్లను ప్రొవైడర్ అంటారు. ఆ కంపెనీ మే నెలలో సొంతంగా ఒక మెయిల్ సైటు మొదలుపెట్టింది. వాళ్ల మేనేజరు శంకర్రావుకి ఫోన్ చేశాను.

"ఏటండి అమ్మగారూ, ఆళ్ల సర్వర్ పడిపోతే మనమేటి సేస్తాం? ఉచితం సైట్లు అలాగే ఏడుస్తాయి. ఆ పిల్లకి మన కంపెనీ మెయిల్ పెట్టించీండి, పది నిమిషాల్లో అయిపోద్ది."

"కొత్త డబ్బా పెడితే పాత డబ్బాలో ఉత్తరం నడిసొచ్చి దాన్లో పడతాదేటండి?"

"అయితే మీ కంప్యూటర్లో వైరస్ ఉందేమో సూసుకోండి" అని పెట్టేశాడు.

రిజిస్టరు తీశాను. జూన్ 9, సోమవారం నుంచి ఆ సైటు తెరుచుకోలేదు. ఆదివారం సెలవు తీసేస్తే ఎనిమిది పనిదినాలు. నలభై ఒక్కసార్లు అడిగారు, నలభై ఒక్కసార్లూ రాలేదు. నాలుగు కంప్యూటర్లలోనూ అంతే, పొద్దున్నా అంతే, సాయంత్రమూ అంతే. అదే సమయాల్లో మిగతా సైట్లు వచ్చాయి. వైరస్సయితే ఒక కంప్యూటరుకి పట్టాలి. లైను చెడితే అన్ని సైట్లూ పోవాలి. అన్ని వేళలా ఒక్క నంబరే పలకడం లేదంటే, అందులో ఆపరేటరు చెయ్యి ఉందన్నమాట.

ఇది నాకెలా తెలుసో కూడా చెప్పాలి. 1991లో నేనూ ఆ పని చేశాను. కోరాపుట్‌లో ఇద్దరు చింతపండు వ్యాపారులు ఉండేవారు. ఒకరు మా అన్నయ్యకి స్నేహితుడు. ఆయన విజయనగరం కాల్ ముందు కలిపి, రెండో ఆయనకి "లైను బిజీ" అని చెప్పాను. రెండు రోజులు చెప్పాను. మూడో రోజు సూపర్‌వైజరు నా టికెట్లు పక్కపక్కన పేర్చి చూసింది. "లైన్లు నీవి కావు, కోరాపుట్‌వి" అని ఒక్క మాట అని మెమో చేతికిచ్చింది. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

శంకర్రావు చెప్పింది అబద్ధమని తెలిసింది. కానీ తెలిసినంత మాత్రాన పార్వతికి ఉత్తరం రాదు. అప్పుడు పాత పని గుర్తొచ్చింది. జనం మమ్మల్ని పేరుతో అడిగేవారు. మేము డైరెక్టరీ చూసి నంబరుతో కలిపేవాళ్లం. ఇంటర్నెట్‌లో కూడా ప్రతి సైటుకూ ఒక నంబరుంటుంది, ఐపీ నంబరు అంటారు. మనం పేరు కొడితే, ప్రొవైడర్ దగ్గరున్న కంప్యూటరు ఆ నంబరు వెతికి ఇస్తుంది. మరి డైరెక్టరీ పట్టుకున్నవాడే అబద్ధం చెబుతుంటే?

విశాఖ టెలిఫోన్ ఆఫీసులో ఇంకా ఉద్యోగం చేస్తున్న నా పాత స్నేహితురాలు వరలక్ష్మికి ఎస్టీడీ చేశాను. లైను కలిసేసరికి 4.12.

"వరలక్ష్మీ, నీ కంప్యూటర్లో ఈ సైటు పింగ్ సెయ్యే." పింగ్ అంటే ఉన్నావా అని కేకేసి చూడటం. పలికితే నంబరు కనిపిస్తుంది.

"రిటైరయినా నా పేణం తియ్యడం మానవు గదే. ఉండు... పలుకుతోంది. రాసుకో."

పార్వతి నా చెయ్యి పట్టుకుంది. "మామ్మా, నా పాస్‌వర్డ్ ఆ వరలక్ష్మప్పకి సెప్పీమీ. అప్పే సూసి జవాబు రాసెత్తాది."

"అది ఆఖరు మార్గం. నీ ఉత్తరం ముందు నువ్వే ఇప్పాల."

నాలుగు ముక్కల నంబరు, మధ్యలో చుక్కలు. రెండుసార్లు చదివించుకుని, పేరు ఉండాల్సిన చోట ఆ నంబరు కొట్టాను. తెల్ల తెర. ఒక నిమిషం అలాగే ఉంది. తర్వాత పైనుంచి కిందికి, వరస వరసగా పేజీ దిగడం మొదలైంది. 4.31కి ఆ సైటు మా ముందు పూర్తిగా తెరుచుకుంది.

"ఓలమ్మా, వచ్చీసింది!" అని పార్వతి అరిచిన అరుపుకి పక్క టైలరు మిషను ఆపి వచ్చాడు. ఆసుపత్రి ఉత్తరం జూన్ 10 నుంచి అక్కడే ఉంది. ఆమె సెలక్టయింది. 4.43కి జవాబు పంపింది. 4.54కి అటునుంచి "అందింది" అని ఒక వాక్యం వచ్చింది. నేను ప్రింటు తీసి చేతికిచ్చాను.

మర్నాడు బుధవారం 10.30కి ఊళ్లో మిగతా మూడు సెంటర్ల వాళ్లనీ, శంకర్రావునీ మా సెంటరుకి పిలిచాను. సైటు పేరు కొట్టాను. రాలేదు. అదే కంప్యూటరు, అదే కనెక్షను, నంబరు కొట్టాను. వచ్చింది.

అప్పన్న కుర్చీలోంచి లేచాడు. "ఏటండి మేనేజరు గారూ, పడిపోయిన సర్వర్ మామ్మగారి కోసం లేచి కూకున్నాదేటి?"

శంకర్రావు చెమట తుడుచుకున్నాడు. "నాదేటుందండి, పై ఆఫీసు ఆర్డరు. అయినా మా వైర్లు, మా ఇష్టం. రేపు నంబరు కూడా ఆపీగలం."

"ఆపండి. ఆపేమని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. నేనది తలుపుకి అంటిస్తాను. మీరు ఇంటర్నెట్ అని కనెక్షన్ ఇచ్చేరు. మీకు నచ్చిన సైట్లు మాత్రమే అని ఇవ్వలేదు."

ఆయన సంతకం పెట్టలేదు. మేం నలుగురం మాత్రం కంపెనీకి ఒక ఉత్తరం రాసి పెట్టాం. రిజిస్టరు ఎనిమిది పేజీలు జిరాక్సు తీసి, పైన ఆ ఉత్తరం జోడించి ఆయన చేతికిచ్చాం. "మా దగ్గరికి వచ్చినవారు అడిగిన సైటు ఇవ్వాలి. ఇవ్వకపోతే కారణం రాసివ్వాలి. శుక్రవారం మధ్యాహ్నంలోగా జరగకపోతే నాలుగు సెంటర్లూ మీ కనెక్షను తీసేస్తాయి."

జూన్ 20, శుక్రవారం, 11.10కి పేరు కొట్టాను. సైటు వచ్చింది. నాలుగు కంప్యూటర్లలోనూ వచ్చింది. అప్పన్న స్టేషన్ నుంచి ఫోన్ చేసి, "మామ్మగారూ, ఇక్కడా వచ్చింది. గెలిసీసేం!" అని అరిచాడు. సాయంత్రం స్వయంగా వచ్చి, గీతల రిజిస్టరు ఎక్కడ దొరుకుతుందో నన్నడిగి తెలుసుకుని వెళ్లాడు.

పొద్దున అప్పన్న ఇంకా ఫోన్లో ఉండగానే పేపరు మిల్లు ఉద్యోగి ఒకాయన లోపలికొచ్చి, అదే ప్రొవైడర్ కంపెనీ మెయిల్ తెరవాలన్నాడు. అది అప్పన్నకి వినబడింది. "ఆళ్ల సైటా? రాట్లేదని సెప్పండి మామ్మగారూ. మనకీ ఒకరోజు రావాల గదా!"

నేను ఆ మిల్లు ఆయన్ని ఒకటో కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టాను. పేరు కొట్టాను. నలభై సెకన్లలో వచ్చింది. కలిపేవాళ్ల పని అంతవరకే.