బూరేమా తిట్టని రోజు

మా పశువులవాళ్లకీ కమ్మరులకీ పరాచికాల వరస. కమ్మరి బూరేమా మా ఆయన బెల్కోని "ఒరే ఆవుల దొంగా!" అనకుండా ఏనాడూ పలకరించలేదు. మాలో ఎవరు పోయినా శవం పక్కన కూచుని తిట్టి, ఏడ్చేవాళ్లని నవ్వించాల్సిందీ అతనే. మా మాలి దేశంలో అది ఆచారం.

సంతరోజు హెలికాప్టర్లోంచి తెల్ల సిపాయిలు దిగారు. ఉగ్రవాదుల్ని వేటాడమని సర్కారు డబ్బిచ్చి తెచ్చుకున్న కిరాయివాళ్లట. సంతకొచ్చినవాళ్లని కాల్చేశారు, సొంత దూడని అమ్ముకుంటున్న బెల్కోని కూడా. చచ్చినవాళ్లంతా ఉగ్రవాదులేనంది ఒక రేడియో. కాదు, ఊరి జనమేనంది ఇంకోటి. అసలు కిరాయి సిపాయిలే దేశంలో లేరంది మూడోది. మరి నా మొగుణ్ణి గాలి చంపిందా?

మర్నాడు శవం ఇల్లు చేరింది. బూరేమా వచ్చి పక్కన కూచున్నాడు. ఈగల్ని తోలుతున్నాడే గాని తిట్టడే!

"తిట్టవేం బావా? నోరు పడిపోయిందా?" అన్నాను.

"ఎట్లా తిట్టనమ్మా?" అన్నాడు, శవానికి కప్పిన గుడ్డ మీద చెయ్యి వేసి. "వీడు పరాయి దూడ తాడు కూడా ముట్టడని ఊరందరికీ తెలుసు. అందుకేగా దొంగా అంటే నవ్వేవాళ్లు. ఇప్పుడు రేడియో విన్నవాళ్లు, నిజమే కాబోలు అనుకుంటారు."

బెల్కోని నవ్వు లేకుండానే పూడ్చాం.